రోకలిబండ వదిలిన ముక్క

చిలగడదుంప చెక్కుతున్నప్పుడు కత్తి ఉన్నట్టుండి సర్రున లోపలికి దిగిపోయిందంటే అక్కడ బొక్క ఉన్నట్టే. అముగేకి ఆ సంగతి కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. వంటపాక గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, బుట్టలోంచి ఒక్కో దుంపా తీసి చెక్కుతోంది. పైకి ఎర్రగా, నున్నగా, చంటిపిల్ల బుగ్గలా ఉంటుంది దుంప. చెక్కు తీస్తే లోపల నల్లటి సొరంగం. కొన్నిట్లో ఆ సొరంగం చివర రోకలిబండ పురుగు చుట్ట చుట్టుకుని, ఇల్లు తనదే అన్నట్టు పడుకుని ఉంటుంది. కత్తి మొనతో దాన్ని లాగి బయటికి విసిరేస్తే కోడి పరిగెత్తుకొచ్చి ఒక్క పోటు పొడిచి, తల విదిలించుకుని, వదిలేసి పోతుంది.

పక్కన చాప మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తున్న అత్త ఇదంతా చూస్తూనే ఉంది.

"సగం చెత్తకే పోతోంది కదే అమ్మాయ్. నువ్వు తవ్వుకొస్తున్నది ఇంటికా, కోళ్ళకా?"

"ఆ పురుగుని కోళ్ళు కూడా తినవు అత్తా."

"అంటే కోళ్ళు కూడా ముట్టనిది నా కొడుక్కి పెడుతున్నావన్నమాట."

అముగే చెక్కిన ముక్కల్ని ఎప్పటిలాగే విడివిడిగా పెట్టింది. మచ్చలేని పెద్ద ముక్కలు మొగుడు ఒలూకాకి, కొడుకు ఒడెకెకి. కాస్త అటూ ఇటూ అయినవి అత్తకి, కూతురు అపోలోట్‌కి. ఇక బొక్క చుట్టూ గీకి తీసిన అంచులు, నల్లబారి చేదెక్కిన తునకలు, అవి కుండ అడుగున వేస్తుంది. అందరూ తిన్నాక కుండ అడుగున మిగిలేది ఎవరిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అలా తినమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కుండ అడుగునే తినేది. అమ్మకి అదే ఇష్టమేమో అనుకునేది అముగే.

పద్నాలుగేళ్ళ క్రితం ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నెత్తి మీద తెచ్చుకున్నది బట్టల మూట కాదు, వాళ్ళమ్మ పొలంలోంచి కోసిన దుంపతీగల కట్ట. ఇక్కడ ఆడపిల్ల అత్తారింటికి తీగతోనే వస్తుంది. ఎర్రతొక్క, లోపల పసుపు, ఉడికితే పిండిపిండిగా విడిపోయే దుంప అది. అమ్మ పోయింది, అమ్మ పొలం చిన్నాన్న కొడుకులు పంచుకుని పత్తి వేశారు. ఆ తీగ ఇప్పుడు భూమ్మీద ఉన్నదల్లా అముగే వేసిన మట్టిదిబ్బల్లోనే. ఏటా ఆ దిబ్బల్లోకి రోకలిబండలు దిగుతున్నాయి.

పోయినేడు వానలు రాకముందే దుంపలైపోయాయి. అయిపోలేదు, ఉన్నాయి, కానీ తవ్వినవి తవ్వినట్టు పారబోయాల్సొచ్చింది. ఒలూకా వెళ్ళి తమ్ముడి ఇంట్లో కర్రపెండలం అడిగి తెచ్చుకోవాల్సొచ్చింది. బుట్ట గుమ్మంలో దించి, చెమట తుడుచుకుని, అరవకుండా, చాలా నెమ్మదిగా చెప్పాడు. అరిచి ఉంటే బావుండేది.

"చూడు అముగే. కుమి ఊరి వైపు ఒక పిల్లని చూశారు మావాళ్ళు. దాని చేత్తో ఏది పెట్టినా పండుతుందంట. వచ్చే ఏడు కూడా వానలదాకా ఇంట్లో దుంప ఆగకపోతే నేను ఆ పిల్లని తెచ్చుకుంటాను. నన్నేం అనుకోకు. ఇల్లన్నాక తిండి ఉండాలి కదా."

నన్నేం అనుకోకు. ఆ మాటే ఆమెకి ఎక్కువ గుర్తుండిపోయింది.

ఆ వచ్చే ఏడే ఇది. వానలు వెళ్ళిపోయి ఎండలు మొదలయ్యాయి. దుంపలు ఊరాయి. బుట్ట బుట్టకీ బొక్కలు ఎక్కువవుతున్నాయి.

అసలు ఆ పురుగు ఎక్కణ్ణించి వస్తోందో అముగేకి తెలుసు. మూడేళ్ళుగా తెలుసు. ఒలూకా తొలి వానలకి వేరుశనగ వేస్తాడు. ఎద్దులు కట్టి, అన్నదమ్ములు కలిసి, కేకలు వేసుకుంటూ దున్నుతారు. వేరుశనగ పీకేశాక ఆ నేల ఆమెకి ఇస్తాడు. "మెత్తగా ఉంది, దున్నక్కర్లేదు, దుంపలు వేసుకో" అంటాడు, ఏదో దానం చేసినట్టు. నేలలో మిగిలిపోయిన వేరుశనగ కాయలంటే రోకలిబండకి ప్రాణం. వాటికోసం చేరిన పురుగు అక్కడే కాపురం పెడుతుంది, దుంపలు ఊరేదాకా ఎదురుచూస్తుంది. ఒక ఏడు విత్తనం చాలక పొలం చివర కొంత మేర ఒలూకా రాగి చల్లాడు. ఆ రాగి కోసిన చోట అముగే వేసిన దిబ్బల్లో దుంప కడిగిన కుండలా ఉంది, ఒక్క గాటు లేదు. పక్కనే వేరుశనగ చోట తవ్వితే జల్లెడ. ఆమె పొలంలోనే చతికిలబడి రెండు దుంపల్నీ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసుకుంది. పరిగెత్తుకెళ్ళి చెప్పింది.

"ఒడెకె నాన్నా, ఈసారి నాకు రాగి కోసిన చేను ఇవ్వు. వాగువైపుది. అక్కడ పురుగుండదు."

"ఆ నేల రాయిలా ఉంటుంది. ఎవరు దున్నుతారు?"

"ఒక్కరోజు ఎద్దులు ఇస్తే..."

ఒలూకా నిజంగానే నవ్వాడు. "దుంపలకి ఎద్దులా? ఆడాళ్ళ పంటకి నాగలి కడితే ఇక నేను ఊళ్ళో తలెత్తుకు తిరిగినట్టే! నీ చేతులున్నాయి కదా."

ఆ చేతులే. పొద్దున్నే దిబ్బల మధ్య వంగి, డబ్బా పట్టుకుని రోకలిబండల్ని ఏరేది. బూడిద చల్లి చూసింది, వేపాకు దంచి పోసి చూసింది. ముట్టుకోగానే ఆ పురుగు పసుపురంగు రసం వదులుతుంది. అది వేళ్ళకి అంటుకుని కాసేపటికి ముదురుగా, ఎండిన రక్తంలా అయిపోతుంది. ఆసుపత్రిలో పుండుకి రాసే మందు వాసన. ఇసక పెట్టి తోమినా పోదు. ఆ చేతుల్తో రాగిసంకటి తెచ్చి పెడితే ఒలూకా ముక్కు పక్కకి తిప్పుకునేవాడు. "చేతులు కడుక్కోవా? పురుగు కంపు." ఒకసారి పక్క మీద ఆమె చెయ్యి అతని భుజానికి తగిలితే, నిద్రలోనే ఆ చేతిని తీసి అవతల పెట్టాడు. ఒక వస్తువుని జరిపినట్టు. ఆ తర్వాత చాలా రోజులు అముగే చేతులు ఒళ్ళో ముడుచుకునే పడుకుంది. ఆ రసం నీ పొలంలోదేగా, నీ పిల్లలు తినే దుంప కోసమేగా అని లోపల్లోపలే వాదించేది. బయటికి మాత్రం ఎన్నిసార్లయినా చేతులు కడుక్కునేది.

మామగారి కర్మరోజు జరిగింది ఇంకా మరిచిపోలేదు. పెద్దవాళ్ళంతా వచ్చారు. ఉడకబెట్టిన దుంపలు ఆకుల్లో పెట్టి ఇచ్చింది. ఒలూకా మేనమామ ఒకాయన దుంప కొరికి, ఆగి, నోట్లోంచి సగం రోకలిబండని తీసి, రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించాడు. "మాంసం పెట్టలేదేమో అనుకున్నా, పెట్టారే!" అన్నాడు. గుడారం కింద అందరూ ఒకటే నవ్వు. ఒలూకా కూడా నవ్వాడు, నవ్వుతూనే అముగే వైపు చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు. ఆ రోజంతా ఆమె నీళ్ళ కుండల దగ్గరే తిరిగింది, మనుషుల మధ్యకి రాలేదు.

ఈ ఏడు పంట ఊరుతుండగా, చర్చి ముందు మామిడి చెట్టు కింద వ్యవసాయంవాళ్ళ మనిషి ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చి మీటింగు పెట్టాడు. బెంచీల మీద మగాళ్ళు. వెనక నేలమీద, చంకల్లో పిల్లలతో ఆడాళ్ళు. "ఇక్కడ దుంపలు పండించేది ఎవరు?" అని అడిగాడాయన. ఒలూకా లేచి నిలబడ్డాడు. "మా ఇంట్లో రోకలిబండ బాగా పడుతోందండీ" అన్నాడు. ఆయన మంచిగానే చెప్పాడు. వేరుశనగ వేసిన నేలలో వెంటనే దుంప వేయొద్దు. పాత దుంపచేను పక్కన కొత్తది వేయొద్దు. చెత్త, పాత తీగ, పుచ్చు దుంపలు చేలో వదిలేయొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఊరాక దుంపని నేలలో దాచుకోవద్దు, ఒక్కసారే మొత్తం తవ్వి, ముక్కలు కోసి ఎండబెట్టేసుకోండి. ఎన్నాళ్ళు నేలలో ఉంటే అన్నాళ్ళు పురుగుకి విందు.

పక్కన కూర్చున్న అజిలోంగ్ మోచేత్తో పొడిచింది. అజిలోంగ్ అంటే అవతలి వాకిలి ఆవిడ, అముగేకి ఉన్న ఒకే ఒక్క స్నేహం. "బావి దగ్గర నువ్వు మూడేళ్ళనుంచి మా బుర్రలు తింటున్నది ఇదే కదే! ఈయనకి నువ్వు చెప్పావా ఏంటి?"

"నా మాట మోటారు సైకిలెక్కి తిరిగొచ్చింది" అంది అముగే. ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం వాకిట్లో అజోన్ కుండ చుట్టూ ఒలూకా, వాళ్ళ నేస్తాలు కూర్చుని పొడుగాటి గొట్టాలతో రాగిబీరు పీలుస్తున్నారు. కుండలో వేడినీళ్ళు పొయ్యడానికి అముగే వెళ్ళింది. ఒలూకా చెప్తున్నాడు: "నేను ఎప్పట్నించో గమనిస్తున్నా. వేరుశనగ తర్వాత వేస్తేనే వస్తోంది ఈ పురుగు. రాగి కోసిన చోట రాదు. కావాలంటే చూడండి." నేస్తాలు తలలూపారు. "బుర్రంటే నీదిరా ఒలూకా" అన్నాడొకడు. అముగే నీళ్ళు పోసింది. ఆవిరి మొహానికి కొట్టింది, అంతే.

మర్నాడు పొద్దున అతను మంచి మాటల్లో ఉన్నప్పుడు అడిగింది.

"ఆయన చెప్పాడు కదా. దుంపలు మొత్తం తవ్వేయనా? ఇంకా సగం పైనే బావున్నాయి. కోసి ఎండేసుకుంటే వానలదాకా వస్తాయి."

ఒలూకా మొహం మారిపోయింది. "మతి పోయిందా నీకు? మొత్తం తవ్వేస్తావా? ఊళ్ళో ఏమనుకుంటారు?"

ఏమనుకుంటారో అముగేకి తెలియక కాదు. ఈ నేల మీద ఇల్లు మగాడిది, చేను మగాడిది, పిల్లలు మగాడి వాళ్ళు, పెళ్ళికి ఓలిగా తోలిన ఆవులు కూడా ఆడదాని పుట్టింటివాళ్ళవే తప్ప ఆమెవి కావు. ఆమె తన చేత్తో తీగ నాటి ఊరించిన దుంప ఒక్కటే ఆమెది. అందుకే కాపురం వదిలి వెళ్ళిపోయే ఆడది తన దిబ్బలన్నీ తవ్వుకుని పోతుంది. కాపురం చేసుకునే ఆడది మొత్తం తవ్వదు. మొన తేలిన కర్ర పట్టుకుని వెళ్తుంది. దిబ్బ మీద ఎక్కడ పగులొచ్చిందో చూసి, అక్కడ కర్రతో గుచ్చి, లావైన దుంప ఒక్కటి తీసి, మిగతా వాటికి దెబ్బ తగలకుండా మళ్ళీ మట్టి కప్పి, అరచేత్తో తట్టి వస్తుంది. నేలలో దుంప ఉందంటే ఇంట్లో ఇల్లాలు ఉందని. అముగే చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒకావిడ ఇలాగే తెల్లారకుండా పార పట్టుకుని తవ్వడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి, ఏమీ మాట్లాడకుండా, చావు ఇంటి ముందు నడిచినట్టు నడిచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆవిడని ఎవరూ చూడలేదు.

"ఒలూకా పెళ్ళాం దుంపలు తవ్వుకుంటోంది అనరూ? నా పరువేం కాను?" అన్నాడు ఒలూకా. "కర్రతోనే తవ్వు. అందరి ఇళ్ళల్లో తవ్వట్లేదా?"

మొత్తం తవ్వకపోతే పురుగు తినేస్తుంది. పురుగు తినేస్తే కుమి పిల్ల వస్తుంది. తవ్వితే పరువు పోతుంది. ఆ పరువు ఎవరిదో, ఆ దుంపలు ఎవరివో, పగలంతా అదే ఆలోచన, పిండి విసురుతున్నా, నీళ్ళు మోస్తున్నా. ఒలూకా మీద కోపం కూడా రాలేదు ఆమెకి. ఒక అలసట వచ్చింది. వంగిన నడుం మళ్ళీ నిటారుగా నిలబడేటప్పుడు పట్టేస్తుందే, అలా మనసు పట్టేసింది. కర్ర తీసుకునే వెళ్ళింది, ఎప్పటిలాగే. రోజూ బుట్టలో పారేసేవి పెరిగాయి, తినేవి తగ్గాయి. అత్త రోజూ ఒక మాట అంది.

ఆదివారం నాడు బావి దగ్గర పంపు చెడిపోయి లైను కదలక, అముగే ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పదకొండేళ్ళ అపోలోట్ పొయ్యి వెలిగించి, దుంపలు చెక్కి, ఉడకబెట్టి, అందరికీ పెట్టేసింది కూడా. "బంగారు తల్లే, ఎంత పని చేసిందో చూడు" అని అత్త మెచ్చుకుంటోంది. ఒడెకె పెద్ద ముక్క నోట్లో కుక్కుకుని ఆడుకోవడానికి పరిగెత్తాడు. అముగే నీళ్ళ డబ్బా దించి కూతురి పక్కన కూర్చుంది. అప్పుడు చూసింది. పిల్ల పళ్ళెంలో నల్లటి తునకలు. బొక్క చుట్టూ గీకిన అంచులు. నెమ్మదిగా, మొహం చిట్లించకుండా, నములుతోంది.

"నీకు కూడా తీసిపెట్టానమ్మా" అని ఇంకో పళ్ళెం ముందుకి జరిపింది. అందులోనూ అవే.

"ఇవి ఎందుకు వేసుకున్నావే? నీకెవరు చెప్పారు?"

అపోలోట్ తల్లి ఏదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది.

"ఎవరూ చెప్పలేదు. ఇవి మనవే కదా."

అముగే ఆ పళ్ళెం అందుకుంది. తినలేదు, కింద పెట్టలేదు. తను ఈ పదకొండేళ్ళలో పిల్లకి చదువు చెప్పలేదు, దగ్గర కూర్చోబెట్టుకుని మంచీ చెడూ చెప్పడానికి తీరిక దొరకలేదు. ఏమీ నేర్పలేదనే అనుకుంది ఇన్నాళ్ళూ. కూతురు ఎంత బాగా నేర్చుకుందో ఇప్పుడు చూస్తోంది. ఇంకొన్నాళ్ళకి ఈ పిల్ల నెత్తిన అమ్మమ్మ తీగ పెట్టుకుని ఎవరింటికో వెళ్తుంది. ఆ ఇంటి కుండ అడుగున చెయ్యి పెడుతుంది. వాళ్ళకి ఎవరికీ చెప్పాల్సిన పని కూడా ఉండదు.

మర్నాడు తెల్లారుతూనే అముగే గోడకి ఆనించిన కర్రని అక్కడే వదిలేసింది. పార తీసుకుంది.

మొదటి దిబ్బ ఒక్క దెబ్బకి విచ్చుకుంది. లోపలి మట్టి చల్లగా, తడిగా, మూసి ఉంచిన గది వాసన వేసింది. మూడు దుంపలు మంచివి, ఒకటి పుచ్చు. రెండో దిబ్బలో అన్నీ మంచివే. మూడోదాంట్లో రోకలిబండలు ముద్దగా, నల్లటి జుట్టుముడిలా ఉన్నాయి. పార అంచుతో వాటిని ఎండలోకి లాగేసింది. మంచివి ఒక కుప్ప, పుచ్చువి ఒక కుప్ప, తీగలు విడిగా. పొద్దెక్కేసరికి చెమట కళ్ళల్లోకి కారుతోంది. దారిన సైకిలు మీద పోతున్న మనిషి ఒకడు కాలు కింద ఆనించి చూసి, గంట కొట్టకుండా వెళ్ళిపోయాడు. నీళ్ళకి పోతున్న ఆడాళ్ళు ముగ్గురు మాటలు ఆపేశారు. ఆమెని దాటాక కూడా మాట్లాడుకోలేదు.

అజిలోంగ్ వచ్చింది. డబ్బా కింద పెట్టి చేలోకి దిగి, తవ్విన దుంపలు ఏరి కుప్ప వేయడం మొదలుపెట్టింది.

"నేనేం అడగను" అంది మొహం ఎత్తకుండా. "అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నిన్ను ఆపాల్సొస్తుంది."

"నేను..."

"వద్దన్నానా!" కసిరి, ముక్కు చీదుకుంది. కాసేపు ఏరి, పిల్ల ఏడుస్తోందని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ అముగే మట్టి చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కింది. పురుగు రసం అంటుతుందని కూడా చూసుకోలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక అత్త వచ్చింది. ఈ పద్నాలుగేళ్ళలో అత్త ఈ చేనుకి వచ్చింది లేదు. చేతిలో సొరకాయ బుర్ర, దానిలో అంబలి.

"పొద్దున్నుంచి ఏం తాగలేదు కదే. తాగు."

అముగే పార ఆనించి, బుర్ర అందుకుంది. అంబలిలో బెల్లం వేసి ఉంది. పండక్కి తప్ప అత్త పెట్టె తీసి బెల్లం బయటికి తియ్యదు. ఆ తీపి నాలుకకి తగలగానే ఏడుపు వచ్చేలా అయింది, ఎందుకంటే ఆ తీపి ప్రేమతో వేసింది కాదని తెలుస్తూనే ఉంది. భయంతో వేసింది.

అత్త తవ్వని దిబ్బ మీద మెల్లగా కూర్చుంది. నేలకి చెప్పినట్టు చెప్పింది.

"నేనూ తవ్వాను ఒకసారి. నీ మొగుడు అప్పుడు పాలు తాగుతున్నాడు. ఇక్కడే, ఈ చేలోనే. సగం దాకా వచ్చాను. మీ మామ వచ్చి ఆ గట్టు మీద నిలబడ్డాడు. నన్నొక్క మాటనలేదు. పిల్లాణ్ణి మాత్రం ఎత్తుకున్నాడు, ఎత్తుకుని ఇంటివైపు నడిచాడు. ఇక నేనేం చేస్తాను? తవ్వినవన్నీ మళ్ళీ దిబ్బల్లో పెట్టి పూడ్చేశాను. ఎవరికీ కనపడకుండా చదును చేశాను."

"దుంపలేమయ్యాయి అత్తా?"

"తవ్విన దుంప మళ్ళీ మట్టిలో పెడితే ఉంటుందటే? కుళ్ళింది. రోకలిబండలు తిన్నాయి. నా చెయ్యి మంచిది కాదన్నారు." అత్త లేచి కట్టుకున్న గుడ్డ దులుపుకుంది. "తాగేసి బుర్ర ఇవ్వు."

పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు. బుర్ర తీసుకుని, వెనక్కి తిరక్కుండా నడిచింది. వెనక నుంచి చూస్తే ఆ నడుం ఎంత వంగిపోయిందో అముగేకి ఇవాళే కనిపించింది.

ఒలూకా సైకిలు గట్టు మీద పడేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఎవరో సంతలో చెప్పినట్టున్నారు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు. తవ్విన చేను, కుప్పలు, తీగలు, ఒక్కోటీ చూసి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏంటిది అముగే?"

ఆమె తవ్వుతూనే ఉంది.

"నీకేం కావాలి? చెప్పు."

పార ఆగింది. నీకేం కావాలి అని ఆ గొంతు ఇంతకు ముందు ఎప్పుడైనా అడిగిందా అని వెతుక్కుంది. పెళ్ళిలో? పిల్లలు పుట్టినప్పుడు? రెండోవాడు కడుపులోనే పోయినప్పుడు? గుర్తుకు రాలేదు.

"ఆ కుమి పిల్ల సంగతి వదిలేస్తున్నా, సరేనా? మా నాన్న మీద ఒట్టు. వాగువైపు చేను కావాలన్నావు కదా, అది తీసుకో. ఎద్దులు నేనే కడతా. ఎవడు నవ్వితే ఏంటి? పిల్లలున్నారే. ఇంట్లో వంటెవరు చేస్తారు? అమ్మకి చూపు ఆనట్లేదు. ఆదివారం చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? అముగే, పలకవేం?"

నేనెక్కడికీ పోవడం లేదయ్యా, రోకలిబండల కోసం తవ్వుతున్నాను, మీ మోటారు సైకిలాయన చెప్పిందే చేస్తున్నాను. ఆ మాట నాలుక మీదే ఉంది. నిజం కూడా అదే. పొద్దున పార తీసుకున్నప్పుడు ఆమె మనసులో పోవాలని లేదు. ఆ మాట ఒక్కటి అంటే చాలు, ఒలూకా మొహంలో భయం దిగిపోతుంది. నవ్వుతాడు. 'ఎంత భయపెట్టావే' అంటాడు. సాయంత్రం అజోన్ కుండ దగ్గర మొత్తం తవ్వించిన ఆలోచన తనదేనని చెప్తాడు. ఎద్దులు మళ్ళీ వేరుశనగకి పోతాయి. మూడేళ్ళు మాటలతో అడిగితే రానిది, పద్నాలుగేళ్ళు రెక్కలు విరుచుకుంటే రానిది, పోతుందేమోనన్న అనుమానం ఒక్క పూటలో తెచ్చిపెట్టింది. ఆమె విలువ ఆ ఇంటికి తెలియక కాదు, తెలుసు. వంట, నీళ్ళు, ముసలావిడ, చర్చిలో మొహం. అతను వేళ్ళమీద లెక్కపెట్టినట్టే చెప్పాడు. అందులో అముగే ఎక్కడా లేదు.

ఆమె ఆ మాట అనలేదు. మింగేసింది.

"పక్కకి జరుగు, ఒడెకె నాన్నా" అంది. "ఇంకో వరుస ఉంది."

అతను జరిగాడు. పొద్దు వాలేదాకా గట్టు మీదే కూర్చున్నాడు, వెళ్ళలేక, సాయం చెయ్యడం చేతకాక.

ఆ తర్వాత ఇంటి వెనక చదును బండ మీద దుంపముక్కలు ఎండాయి. ముందు చేమంతి రంగు, తర్వాత సున్నం రంగు, వేలితో విరిస్తే టక్కుమనే అముకెకె ఒరుగులు. గాదె నిండింది. పుచ్చు దుంపలు, చెత్త ఒక గోతిలో వేసి తగలబెట్టింది. ఒలూకా ఆమె వెళ్తుందో ఉంటుందో అడగలేక, రోజూ గాదె వైపు ఒకసారి, ఆమె బట్టల మూట వైపు ఒకసారి చూసుకుంటున్నాడు. అముగే ఎప్పటిలాగే వండుతోంది, నీళ్ళు మోస్తోంది. సంతోషం ఏమీ లేదు అందులో. భయపెట్టి తెచ్చుకున్న మర్యాద అంబలిలో బెల్లంలాగే నోట్లో తగులుతోంది. అయినా వదులుకోవాలనిపించలేదు.

ఒక పూట అపోలోట్ చెక్కుతున్న దుంపలో కత్తి సర్రున దిగింది. పిల్ల అలవాటుగా బొక్క చుట్టూ అంచు గీకి తన పళ్ళెం వైపు చెయ్యి చాపింది. అముగే ఆ చెయ్యి పట్టుకుంది. నల్ల తునకని తీసి పొయ్యిలో వేసింది.

"అది రోకలిబండ వదిలింది. మనది కాదు."

ఆ పూట ముక్కలు అందరికీ తలా కాస్త తగ్గాయి. ఒలూకా పళ్ళెంలో కూడా తగ్గాయి. చూసుకుని, తిన్నాడు.

తీగలు మాత్రం వాగు ఒడ్డున తడిమట్టిలో పాతిపెట్టింది అముగే, ఎండిపోకుండా. సాయంత్రాలు వెళ్ళి నీళ్ళు చిలకరించి వస్తుంది. ఒకరోజు ఆమె తిరిగి వచ్చేసరికి అత్త చాప మీద కూర్చుని, చూపు సరిగ్గా ఆనక, ఆమె అడుగుల చప్పుడు వింటోంది.

"తీగ బతికిందా?"

"చిగురేసింది అత్తా."

"ఈసారి ఎక్కడ నాటుతావే అమ్మాయ్?"

ఆ ప్రశ్న విని, వాకిట్లో సైకిలు తుడుస్తున్న ఒలూకా చెయ్యి ఆగిపోయింది.

"వాన పడనీ అత్తా. పడ్డాక చూద్దాం" అంది అముగే.

పోతానని అనలేదు. ఉంటానని కూడా అనలేదు.